సభ రద్దు కోరే కాగితంపై సంతకం చేయాలా?

ప్రశ్న: నేను అమెరికాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎంఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా పెదనాన్నగారి అమ్మాయి అక్కడే పుట్టి పెరిగింది. ఇదే విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతోంది. ఇద్దరం ఒకే అపార్ట్‌మెంటులో అద్దెకు ఉంటున్నాం. విదేశీ ఉద్యోగులకు ఇచ్చే హెచ్-1బీ వీసాలు ఆపేయాలనీ, చదువు ముగిశాక మాలాంటి వాళ్ళకు కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే అనుమతి ఓపీటీని ఎత్తేయాలనీ ప్రసంగాలు చేసే ఒకాయనను ఒక విద్యార్థి సంఘం వారు మా క్యాంపస్‌కు పిలిచారు. ఆ సభను రద్దు చేయాలని మా భారతీయ విద్యార్థులు సంతకాలు సేకరిస్తున్నారు. అక్క సంతకం చేయనంది. పైగా ఆయనను మాట్లాడనివ్వాలని విద్యార్థి పత్రికలో వ్యాసం రాసింది. ఆయన చెప్పేవాటిలో కొన్ని నిజాలున్నాయని కూడా రాసింది. "నాతో ఒకే ఇంట్లో ఉండే నా చెల్లెలు హెచ్-1బీ లాటరీలో పేరు వస్తుందో రాదోనని రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు, అయినా ఈ మాట అంటున్నాను" అన్న వాక్యం అందులో ఉంది. పేరు లేకపోయినా అది నేనేనని మా డిపార్ట్‌మెంటులో అందరికీ తెలిసిపోయింది. నిలదీస్తే, "నీ గురించి నువ్వు మాట్లాడవు, నన్నూ మాట్లాడవద్దంటావు, ఇది పిరికితనం" అంది. "పాస్‌పోర్టు ఉన్నదానివి, నీకేం తెలుస్తుంది" అన్నాను. ఐదు వారాలుగా మాటల్లేవు. ఒకే వంటింట్లో ఎవరి అన్నం వాళ్ళు వేరుగా వండుకుంటున్నాం. నాన్నగారు దేనిలోనూ తలదూర్చవద్దంటున్నారు. స్నేహితులు రోజూ సంతకం అడుగుతున్నారు. సభ ఇంకా పన్నెండు రోజులుంది. నేను సంతకం చేయాలా? చేస్తే వీసాకు ముప్పు వస్తుందా? అక్క చేసింది న్యాయమేనా?

సమాధానం: సంతకం చేయకండి. మీ స్నేహితులు రోజూ అడుగుతున్నారని రాశారు కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను. అయితే నాన్నగారు చెప్పిన కారణంతో ఇది చెప్పడం లేదు. ఆయన భయానికి ఆధారం ఉంది, దాని దగ్గరికి తరువాత వస్తాను. వీసా భయం అణువంత కూడా లేకపోయినా, మీరు రేపు తెల్లవారేసరికి అమెరికా పౌరురాలు అయిపోయినా, ఆ కాగితం మీద సంతకం పెట్టవద్దనే చెప్పేదాన్ని.

ఆ కాగితం విశ్వవిద్యాలయాన్ని ఏం చేయమంటోందో నిదానంగా ఆలోచించండి. వాక్ స్వాతంత్ర్యానికి హామీగా 1791లో అమెరికా రాజ్యాంగానికి చేర్చిన మొదటి సవరణ ప్రైవేటు సంస్థలను నేరుగా కట్టడి చేయదు గానీ, ప్రభుత్వాన్నీ, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలనూ చేస్తుంది. విద్యార్థి సంఘాలు గది తీసుకుని తమకు నచ్చిన వక్తలను పిలుచుకోవచ్చునని నియమం పెట్టుకున్న తరువాత, ఫలానా వక్త అభిప్రాయం బాగాలేదు కాబట్టి ఫలానా సంఘానికి గది ఇవ్వమని చెప్పే అధికారం మీ విశ్వవిద్యాలయ పాలకులకు లేదు. కనెక్టికట్‌లో ఒక ప్రభుత్వ కళాశాల వామపక్ష విద్యార్థి సంఘం శాఖకు గుర్తింపు నిరాకరించినప్పుడు, ఆ సంఘం భావాలు నచ్చకపోవడం అందుకు కారణం కాజాలదని 1972లో హీలీ వర్సెస్ జేమ్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వినేవాళ్ళు గొడవ చేస్తారన్న అంచనాతో ఆ భద్రత ఖర్చును మాట్లాడేవాళ్ళ నెత్తిన వేయడం కూడా చెల్లదని 1992లో ఫోర్సైత్ కౌంటీ కేసులో చెప్పింది. కాబట్టి మీ మిత్రులు ఎన్ని సంతకాలు తెచ్చినా, పాలకులు చట్టాన్ని పాటిస్తే సభ జరుగుతుంది. పాటించకుండా రద్దు చేస్తే ఆ సంఘం కోర్టుకు వెళ్తుంది, చాలావరకు గెలుస్తుంది కూడా, ఆ వక్త ఇంకా పెద్ద హాలులో ఇంకా ఎక్కువమందితో మాట్లాడతాడు.

అతని మాటలు మమ్మల్ని అవమానిస్తున్నాయి కదా, అవమానానికి రక్షణ ఏమిటని మీ మిత్రులు అడగవచ్చు. ఈ ప్రశ్నకు అమెరికా ఇచ్చిన జవాబు చాలా దేశాల జవాబు కంటే భిన్నమైనది. ఆసియా సంతతి యువకులు కొందరు, తమ జాతిని ఎగతాళి చేయడానికి వాడే మాటనే తమ సంగీత బృందానికి పేరుగా పెట్టుకున్నప్పుడు, ఆ పేరు ఒక జాతిని కించపరుస్తోందంటూ ప్రభుత్వం ట్రేడ్‌మార్కు ఇవ్వలేదు. 2017లో సుప్రీంకోర్టు ఆ నిరాకరణను ఏకగ్రీవంగా కొట్టివేసింది. కించపరిచే మాటలను ఆపడానికి చేసిన నియమం, చివరికి ఆ మాటల వల్ల గాయపడిన వాళ్ళ నోటికే అడ్డుపడింది. నేను ఆ కేసును మరచిపోలేకపోవడానికి కారణం అదే.

ఇక మీ సంగతి. పౌరులు కానివారికి కూడా ఆ దేశంలో వాక్ స్వాతంత్ర్యం ఉందని 1945లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్ట్రేలియాలో పుట్టి అమెరికా పశ్చిమ తీరపు ఓడరేవు కార్మికులకు నాయకుడైన హ్యారీ బ్రిడ్జెస్‌ను దేశం నుంచి పంపించాలని ప్రభుత్వం ఏళ్ళ తరబడి ప్రయత్నించిన వ్యవహారమది. ఎనభై ఏళ్ళ తరువాత, 2025 సెప్టెంబరు 30న, బోస్టన్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి విలియం యంగ్ కూడా, చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకు మిగతావాళ్ళతో సమానమైన వాక్ స్వాతంత్ర్యం ఉందని, వారి రాజకీయ అభిప్రాయాలను చూసి వారిని పంపించే ప్రయత్నం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చారు. ఆ తీర్పు ఏ పునాది మీద నిలబడిందో మీరు గమనించాలి. పాలకులకు నచ్చనంత మాత్రాన ఒక మనిషి మాటను ఆపకూడదు అన్నదే ఆ పునాది. మీకు నచ్చని వక్తను ఆపమని మీరే అడిగితే, మీరు నిలబడిన నేలను మీరే తవ్వుకుంటున్నట్టు అవుతుంది.

నా అనుభవం ఒకటి చెప్పుకోనివ్వండి. చాలా ఏళ్ళ క్రితం నేను కూడా ఎఫ్-1 విద్యార్థి వీసా మీదనే ఆ దేశంలో చదువుకున్నాను. అప్పుడు కూడా మా క్యాంపస్‌కు వలసలు తగ్గించాలనే ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయన రాసిన వ్యాసం ముందుగానే తెచ్చుకుని చదివి, అందులో ఒక లెక్క తప్పని పట్టుకుని, దాని మీద ప్రశ్నను చిన్న అట్టముక్క మీద ఇంగ్లీషులో నాలుగుసార్లు తిరగరాసుకుని, ఉచ్చారణ తప్పకూడదని గదిలో పైకి చదువుకుని మరీ వెళ్ళాను. ఆయన లేచి నిలబడగానే వెనక వరుసల నుంచి కేకలు మొదలయ్యాయి. నోరు తెరిచినప్పుడల్లా కేకలే. ఆయన కాసేపు నిలబడి, ముందున్న మంచినీళ్ళ గ్లాసు ముట్టుకోకుండానే కాగితాలు సర్దుకుని, తలుపు వైపు నడిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం చేతిలో చెమటకు మెత్తబడిన అట్టముక్కతో కూర్చుండిపోయాను. ఆయన లెక్క తప్పని నాకు తెలుసు, ఆ హాలులో ఆ సంగతి ఇంకెవ్వరికీ తెలియకుండానే సభ ముగిసింది. ఆ రోజు నోరు మూయించింది ఆయన ఒక్కడినే కాదని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఇప్పుడు ఆ వక్త చెప్పే విషయానికి వద్దాం. మీ ఉత్తరం చదువుతుంటే, వలసలు తగ్గించాలనే ప్రతివాళ్ళూ మిమ్మల్ని ద్వేషిస్తున్నారనే భావన మీలో కొంత ఉందనిపించింది. అది పూర్తిగా నిజం కాదు. 1990వ దశకంలో వలస విధానంపై ఏర్పాటైన జాతీయ కమిషన్‌కు అధ్యక్షురాలు బార్బరా జోర్డాన్. అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి ఆ దేశ చట్టసభ కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ ఆవిడ, పౌరహక్కుల కోసం జీవితమంతా పోరాడిన మనిషి. ఆవిడ నాయకత్వంలోని కమిషనే చట్టబద్ధ వలసలను కూడా తగ్గించాలని 1995లో సిఫారసు చేసింది. ఆ సిఫారసుతో నాకు ఏకీభావం లేదు, కానీ ఆవిడ మనసులో జాతి ద్వేషం ఉందని ఎవరూ అనలేరు.

ఆర్థికవేత్తల మధ్య తేడా కూడా ఇలాంటిదే. 1980లో కొద్ది నెలల వ్యవధిలో సుమారు 1,25,000 మంది క్యూబా నుంచి పడవలలో అమెరికాకు వచ్చారు. వారిలో చాలామంది మయామీలోనే స్థిరపడడంతో అక్కడ పనిచేసేవారి సంఖ్య ఒక్కసారిగా సుమారు 7 శాతం పెరిగింది. దానివల్ల అక్కడి వాళ్ళ జీతాలు చెప్పుకోదగినంతగా పడిపోలేదని 1990లో డేవిడ్ కార్డ్ అనే ఆర్థికవేత్త చూపించారు, ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. అదే మయామీ లెక్కలను పాతికేళ్ళ తరువాత మళ్ళీ తీసిన జార్జ్ బోర్హాస్, పాఠశాల చదువు కూడా పూర్తి కాని పురుషుల జీతాలు బాగా పడిపోయాయని వాదించారు. బోర్హాస్ స్వయంగా చిన్నతనంలో క్యూబా నుంచి వలస వచ్చినవారే. ఎవరిని ఏ వర్గంలో లెక్కించాలన్న దగ్గర వాదం ఇప్పటికీ నడుస్తోంది. జీవితాంతం ఇదే పనిగా పెట్టుకున్నవాళ్ళు ఏకాభిప్రాయానికి రాలేని చోట, మీ అక్క మీతో ఏకీభవించకపోవడం ఏ విధంగానూ ద్రోహం కాదు.

మీ అక్క చెప్పిన కొన్ని నిజాలు ఏమై ఉంటాయో నేను ఊహించగలను. ఓపీటీ మీద పనిచేసే విద్యార్థి విషయంలో సాధారణంగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు (పెన్షనుకూ, వృద్ధాప్యంలో వైద్యానికీ జీతం మీద వసూలు చేసేవి) ఉండవు. అంటే అదే పనికి ఒక అమెరికన్‌ను పెట్టుకుంటే కంపెనీ తన వంతుగా కట్టవలసిన, జీతంలో 7.65 శాతం ఆ మేరకు మిగులుతుంది. తన కొడుక్కి మొదటి ఉద్యోగం దొరకని తండ్రి ఈ లెక్క చూసి నొచ్చుకుంటే ఆయనను తప్పుపట్టలేం. హెచ్-1బీ జీతాలకు ఉన్న నాలుగు మెట్లలో అట్టడుగు మెట్టు, ఆ ప్రాంతంలో ఆ పనికి వచ్చే మధ్యస్థ జీతం కంటే చాలా తక్కువగా ఉంటుంది. మన వాళ్ళే నడిపే కొన్ని కన్సల్టెన్సీలు లేని ప్రాజెక్టులు చూపించి, పిల్లల జీతంలో కోతలు వేసి, బెంచీ మీద కూర్చోబెట్టి ఏం చేస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ నిజాలను మన నోటితో మనం చెప్పకపోతే, వాటిని మన మీద కత్తిగా వాడుకునేవాళ్ళే చెబుతారు.

అదే సమయంలో ఆ వక్త చెప్పని నిజాలు కూడా ఉన్నాయి, వాటిని మీరు బాగా తెలుసుకుని ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్న మనిషి తక్కువ జీతాన్ని ఎందుకు భరిస్తాడంటే, ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఉద్యోగాల ద్వారా ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు కుటుంబ సభ్యులతో కలిపి సుమారు 1,40,000, వాటిలో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకూ మామూలుగా 7 శాతానికి మించి దక్కవు. జనాభా దాదాపు 4 లక్షలున్న ఐస్‌లాండ్‌కూ, 140 కోట్లున్న భారత్‌కూ ఒకటే పరిమితి. అందుకే మన వాళ్ళు దశాబ్దాల తరబడి ఒకే కంపెనీ గుమ్మానికి కట్టుబడి ఉంటారు. జీతాలు తగ్గుతున్నాయన్నదే నిజమైన బాధ అయితే, ఆ కట్టుబాటు తెంచి మనిషిని స్వేచ్ఛగా ఉద్యోగం మారనివ్వడం అందుకు మందు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అధ్యక్షుడి ప్రకటన వచ్చినప్పుడు కూడా ఈ మూల సమస్య అలాగే ఉండిపోయింది. ఆ వక్తను అడగవలసిన ప్రశ్న ఇక్కడే ఉంది.

విధానాన్ని విమర్శించడం వేరు, మనిషిని వేధించడం వేరు. ఓపీటీని రద్దు చేయాలని వేదిక మీద నుంచి చెప్పడం రాజకీయ అభిప్రాయం. మీ ల్యాబ్ తలుపు మీద బెదిరింపు చీటీ అంటించడం, మిమ్మల్నే పట్టుకుని పదేపదే మీ దేశానికి పొమ్మని వెంటపడడం అలాంటిది కాదు, వాటికి రాజ్యాంగం నీడ పట్టదు. అలాంటిది జరిగితే తేదీతో సహా రాసిపెట్టుకుని, విశ్వవిద్యాలయంలో వివక్ష ఫిర్యాదులు తీసుకునే కార్యాలయానికి వెంటనే వెళ్ళండి. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

నాన్నగారి భయం గురించి. ఆయనను పాతకాలపు మనిషని కొట్టిపారేయకండి. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో టర్కీ నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని, విద్యార్థి పత్రికలో వచ్చిన ఒక వ్యాసానికి సహరచయిత. 2025 మార్చిలో ముసుగులు వేసుకున్న అధికారులు ఆమెను వీధిలో పట్టుకుని లూసియానాలోని నిర్బంధ కేంద్రానికి తరలించారు. న్యాయమూర్తి ఆదేశంతో బయటికి వచ్చేసరికి ఆరు వారాలు దాటింది. ఆ వ్యాసం వలసల గురించి కాదు, గాజా యుద్ధం గురించి. అయినా చట్టం పుస్తకంలో ఉన్న హక్కుకూ, ఆ హక్కు మన చేతికి అందే రోజుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆ ఆరు వారాలు చెబుతాయి. ఆ ఏప్రిల్‌లోనే వేలమంది విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే ప్రభుత్వ సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి, కోర్టులలో కేసులు పడ్డాక తిరిగి వచ్చాయి. పాత తీర్పులు కూడా అన్నీ ఒకే దారిలో లేవు. బ్రిడ్జెస్ తీర్పు వచ్చిన ఏడేళ్ళకే, 1952లో, ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్న ముగ్గురు విదేశీయులను పంపించివేయడాన్ని అదే సుప్రీంకోర్టు సమర్థించింది. దేశం లోపల ఉన్నప్పుడు ఉన్నంత బలం, వీసా స్టాంపింగ్ కోసం బయటికి వెళ్ళి కాన్సులేటు కిటికీ ముందు నిలబడినప్పుడు ఉండదు. అక్కడ వీసా ఇవ్వకపోతే పోరాడే దారులు చాలా తక్కువ. సోషల్ మీడియా ఖాతాల వివరాలు 2019 నుంచి దరఖాస్తులోనే అడుగుతున్నారు, 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవాళ్ళు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్నారు.

విశ్వవిద్యాలయానికి ఇచ్చే వినతిపత్రం మీద సంతకం చేయడం నేరం కాదు. అయినా మీరు ఈ ఏడాది ఇంటికి వచ్చి వెళ్ళే ఆలోచనలో ఉంటే, ఏ విషయం మీదైనా పేరుతో బహిరంగంగా రాసే ముందు మీ విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల కార్యాలయంతో, వీలైతే వలస చట్టం తెలిసిన న్యాయవాదితో, ఒక గంట మాట్లాడండి. చాలా విశ్వవిద్యాలయాలలో విద్యార్థులకు ఉచిత న్యాయ సలహా ఉంటుంది. ఇలా జాగ్రత్తపడడం పిరికితనం అనిపించుకోదు.

ఇప్పుడు అక్క దగ్గరికి వస్తున్నాను. మీ ఉత్తరంలో అన్నిటికంటే లోతైన గాయం ఇదే అనిపించింది. సభ జరగాలని ఆమె రాయడం సరైనదే, సంతకం చేయకపోవడం సరైనదే, ఆ వక్త మాటల్లో తనకు నిజమనిపించినదాన్ని నిజమని రాయడం కూడా ఆమె హక్కే. మీ రక్తసంబంధం వల్ల ఆమె అభిప్రాయం మీకు బాకీ పడదు. కానీ రాత్రి వంటింట్లో మీరు చెప్పుకున్న భయాన్ని తీసుకువెళ్ళి పత్రికలో పెట్టడానికి ఆమెకు ఏ అధికారమూ లేదు. తన వాదనకు బలం కావాలనుకుంది. తన చెల్లెలు నష్టపోతున్నా న్యాయం వైపే నిలబడ్డానని పాఠకులు అనుకోవాలనుకుంది. ఆ గౌరవం ఆమెకు దక్కింది, అందుకు చెల్లింపు మాత్రం మీ ఖాతా నుంచి జరిగింది. ఇంటి మాట ఇల్లు దాటితే తిరిగి రాదని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. అందులోనూ పౌరసత్వం ఉన్న మనిషి, అది లేని మనిషి పరిస్థితిని అచ్చులో పెట్టేటప్పుడు అడిగి తీరాలి. న్యాయశాస్త్రం చదివే అమ్మాయికి ఇది ఇంకా బాగా తెలిసి ఉండవలసింది.

మిమ్మల్ని పిరికిదానివి అనడం రెండో తప్పు. మాట్లాడే స్వేచ్ఛలో, ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఎవరికి వారు నిర్ణయించుకునే స్వేచ్ఛ కూడా ఉంది. మొదటి సవరణ గురించి వ్యాసం రాసినామె, ఇంట్లో చెల్లెలిని బలవంతంగా మాట్లాడించాలని చూడడం ఆమె వాదనకే విరుద్ధం.

మీరన్న మాట సంగతి కూడా చెప్పాలి. "పాస్‌పోర్టు ఉన్నదానివి, నీకేం తెలుస్తుంది" అన్నారు. అందులో సగం నిజం ఉంది, ఒడ్డున ఉన్నవాళ్ళకు లోతు తెలియదు. కానీ ఆ మాట అంటే ఆ దేశంలో పుట్టి పెరిగిన ఆ పిల్ల ఏం వింటుందో ఊహించండి. ఆమెను బడిలో పిల్లలు నువ్వు ఏ దేశం దానివని అడిగి ఉంటారు, ఇక్కడికి వస్తే బంధువులు అమెరికా పిల్ల అని పక్కన పెట్టి ఉంటారు. ఇప్పుడు మీరు కూడా, నువ్వు మాలో మనిషివి కాదు, అందుకని ఈ విషయం మాట్లాడే అర్హత లేదు అన్నారు. ఆ వక్త మీ గురించి చెప్పే మాటకూ దీనికీ పోలిక ఉంది. ఆ ఒక్క మాటకు మీరు క్షమాపణ చెప్పుకోండి, ఆమె చెప్పే వరకు ఆగకుండా.

మీకు ఇంకొక సంగతి గుర్తుచేయాలనిపిస్తోంది, ఎందుకంటే మీరిద్దరూ ఆ చరిత్రకు వారసులే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్‌కు, ఆయన శ్వేతజాతీయుడు కాడన్న కారణంతో పౌరసత్వం పొందే అర్హత లేదని 1923లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా భారతీయులకు ఆ తలుపు మూసుకుపోయింది. ఆ చట్టం మారడానికి న్యూయార్కులో వ్యాపారం చేసుకునే జె.జె. సింగ్ కాంగ్రెస్ సభ్యుల గదుల చుట్టూ తిరిగారు. భారతీయులకు పౌరసత్వమే లేని రోజులవి, అంటే ఆయనకు ఓటు లేదు, ఉన్నది మాట ఒక్కటే. 1946లో చట్టం మారింది. పౌరసత్వానికి దారి తెరుచుకుంది, ఏటా వందమందికి వలస వచ్చే అవకాశం దొరికింది. ఆ చట్టం వల్ల 1949లో పౌరుడైన దలీప్ సింగ్ సౌంద్ 1956లో కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కే ఎన్నికయ్యారు. మీ పెదనాన్నగారి తరం వాళ్ళు అక్కడికి వెళ్ళగలగడానికి కారణమైన 1965 నాటి చట్టం ఆ తరువాత వచ్చింది. ఆ రోజుల్లో మన వాళ్ళు రావద్దని గట్టిగా వాదించినవాళ్ళు కాంగ్రెస్‌లోనే ఉన్నారు. వాళ్ళ మాటను ఆపి సాధించిన మార్పు కాదు అది, వాళ్ళకు ఎదురుగా కూర్చుని జవాబు చెప్పి సాధించినది.

కాబట్టి ఈ పన్నెండు రోజుల్లో చేయదగిన పని ఉంది. సంతకాలు అడుగుతున్న మీ స్నేహితులతో, కాగితంలోని కోరికను మార్చమని చెప్పండి. సభను రద్దు చేయాలన్న వాక్యం తీసివేసి, ప్రసంగం తరువాత కనీసం అరగంట ప్రశ్నలకు సమయం ఇవ్వాలని, ప్రశ్నలను నిర్వాహకులు ముందుగా ఏరివేయకూడదని, అదే వారంలో అలాంటి హాలులోనే వలస విధానం బోధించే అధ్యాపకులతో ఇంకొక చర్చ పెట్టడానికి సాయపడాలని రాయమనండి. మొదటి రెండు కోరికలను సభ పెట్టే సంఘాన్ని మర్యాదగా అడగవచ్చు, చివరిదాన్ని విశ్వవిద్యాలయం తీర్చగలదు. ఇలా మారిన కాగితం మీద సంతకం చేయాలో వద్దో, పైన చెప్పిన సలహా తీసుకున్నాక మీరే నిర్ణయించుకోండి. చేయకపోతే కారణం ఎవరికీ చెప్పనక్కరలేదు.

సభకు వెళ్ళండి. ప్రశ్న మీరే అడగాలని లేదు. రాసి ఇంకొకరికి ఇవ్వవచ్చు. "జీతాలు తగ్గుతున్నాయన్నదే మీ అభ్యంతరమైతే, హెచ్-1బీ ఉద్యోగి ఎప్పుడు కావాలంటే అప్పుడు కంపెనీ మారే వీలు కల్పించడాన్ని మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోకపోతే ఎందుకు?" అని అడిగితే చాలు. ఆయన అవునంటే మీకు కావలసినది ఒప్పుకున్నట్టే. కాదంటే ఆయన అసలు అభ్యంతరం జీతాల గురించి కాదని హాలులో ఉన్నవాళ్ళందరికీ తెలుస్తుంది. ఈ ప్రశ్న అడగడానికి ఆ విశ్వవిద్యాలయంలో అందరికంటే సరైన మనిషి, ఆ వక్తతో సగం ఏకీభవించి, అమెరికా పాస్‌పోర్టు ఉండి, న్యాయశాస్త్రం చదువుతూ, మీతో ఒకే ఇంట్లో ఉంటోంది.

అందుకని ఈ రాత్రి అన్నం ఇద్దరికీ కలిపి వండండి. ఆ వ్యాసం అచ్చు తీసుకుని, మీ గురించి రాసిన ఆ ఒక్క వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, భోజనాల బల్ల మీద పెట్టండి. "అక్కా, పాస్‌పోర్టు మాట అనకుండా ఉండవలసింది, తప్పు నాది. నువ్వు రాసినదానిలో ఇది తప్ప మిగతాదంతా రాసే హక్కు నీకుంది. ఇది మాత్రం నాది, నన్ను అడగకుండా తీసుకున్నావు" అని చెప్పండి. ఆమె వాదించబోతే వాదించనివ్వండి, మధ్యలో అడ్డుపడకండి. ఆమె ముగించాక, ప్రశ్న రాసిన చీటీ ఆమె చేతికి ఇచ్చి, పన్నెండు రోజుల తరువాత లేచి నిలబడి దీన్ని అడుగుతావా అని అడగండి. ఆమె ఏమందో నాకు మళ్ళీ రాయండి.